జోస్యమును గణితమును

మా తమ్ముని కుమార్తెకు ఇటీవల ఒక సంబంధము వచ్చినది. పిల్లవాడు చదువుకొన్నవాడు, ఉద్యోగస్థుడు. ఇరువైపుల పెద్దలకును సమ్మతమే. అయినను జాతకములు చూపింపనిదే మాట యీయరాదని మా మరదలు పట్టుబట్టగా, మా తమ్ముడు సిద్ధాంతిగారిని పిలిపించెను. ఆయన రెండు చక్రములను ప్రక్కప్రక్కన పెట్టుకొని, వ్రేళ్లమీద కొంతసేపు గణించి, పిల్లకు కుజదోషము కలదనియు, పెండ్లియైన కొలది కాలమునకే మామగారికి అరిష్టమనియు, దానికి తగిన శాంతియు కలదనియు సెలవిచ్చిరి. మేము అచ్చటనే కూర్చుండి యుంటిమి. ఇట్టి సమయములందు మౌనము వహించుట మాకలవాటు లేదు. "అయ్యా, ఎందరి జాతకములు చూచి, ఎందరు మామగార్లను లెక్కించి, ఈ సూత్రమును కట్టిరి?" అని యడిగితిమి. సిద్ధాంతిగారు చిరునవ్వు నవ్వి యూరకుండిరి.

అప్పుడు, మా పక్షమున మాటాడునని మేమాశపడిన పిల్ల మావైపు తిరిగి, "పెదనాన్నగారూ, 2022లో మీరు గ్రంథాలయములో చెప్పిన మాట జ్ఞాపకమున్నదా? డబ్ల్యూ కణము బరువు ఉండవలసిన దానికంటె ఎక్కువగా తేలినది, సూపర్ సిమెట్రీ రుజువు కాబోవుచున్నది, కొలదియేండ్లలో చూతురు గాక అంటిరి. ఆ మాట విని నేను భౌతికశాస్త్రములో చేరితిని. బరువు ఎక్కువ కాదని తరువాత తేలినది గదా! సిద్ధాంతిగారి జోస్యమునకును మీ జోస్యమునకును భేదమేమి?" అని యడిగినది.

మా తమ్ముడు బిగ్గరగా నవ్వెను. మాకు నవ్వు రాలేదు. ముప్పది యేండ్లుగా ఈ యూరిలో మూఢవిశ్వాసములను గూర్చి మాటాడుచున్న మేము, మా యింటిలోనే, మేము చదివించిన పిల్ల చేతనే, సిద్ధాంతిగారి ప్రక్కన కూర్చుండబెట్టబడితిమి. ఆనాడు మేము సరియైన జవాబు చెప్పలేకపోతిమి. ఆలోచించి చెప్పదలచిన జవాబు ఇది.

ముందుగా ఆ డబ్ల్యూ కణమునకును మా ఇల్లందునకును గల చుట్టరికమును చెప్పవలెను. మాది బొగ్గుట్ట. భద్రాచల యాత్రకు పోవువారు వంటకై నల్లరాళ్లను పొయ్యిగా పేర్చగా ఆ రాళ్లే అంటుకొన్నవని పెద్దలు చెప్పుకొను కథ ఇచ్చట అందరెరిగినదే. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ దొర ఈ ప్రాంతమున బొగ్గు కలదని తేల్చెను. 1889లో త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడినది. ఆ బొగ్గు ఇరువదియైదు, ముప్పది కోట్ల యేండ్ల నాటి యడవి. ఆ యడవి త్రాగిన యెండయే నేడు మన పొయ్యిలలోను విద్యుత్కేంద్రములలోను వెలువడుచున్నది. ఆ యెండ యెట్లు పుట్టినది? సూర్యగర్భమునందు రెండు ప్రోటానులు కలియునప్పుడు వానిలో నొకటి న్యూట్రానుగా మారవలెను. ఆ మార్పును చేయునది దుర్బలబలమను పేరు గల శక్తి. (బలమునకు దుర్బలమని విశేషణము చేర్చుట వింతగా నున్నను శాస్త్రజ్ఞులు పెట్టిన పేరది.) ఆ శక్తిని మోయు కణమే డబ్ల్యూ. అది మిక్కిలి బరువైనది, ప్రోటానునకు సుమారు 86 రెట్లు. అంత బరువగుట చేతనే ఆ శక్తి తక్కువ దూరమునకు, మెల్లగా, అరుదుగా పనిచేయును. కనుకనే సూర్యుడు ఒక్కసారిగా ప్రేలిపోక 460 కోట్ల యేండ్లుగా నిదానముగా వెలుగుచున్నాడు. ఆ బరువు వేరైనచో మా యడవులును లేవు, బొగ్గును లేదు.

విద్యుచ్ఛక్తియు దుర్బలబలమును ఒకే శక్తికి రెండు ముఖములని గ్లాషో, వైన్‌బర్గ్, సలాం అను మువ్వురు 1960లలో సిద్ధాంతము కట్టిరి. 1979లో వారికి నోబెల్ బహుమానము లభించినది. వారు చెప్పిన డబ్ల్యూ, జడ్ అను కణములు 1983లో జెనీవా నగరము కడ సెర్న్ పరిశోధనాలయమున కంటబడినవి. అంతటితో కథ ముగియలేదు. అసలు కథ తూకముతో మొదలైనది.

ఇంటి లెక్కలు వ్రాయు ఇల్లాలికి ఈ సంగతి సులభముగా బోధపడును. ఆమె పది దినములు పుట్టింటికి పోయివచ్చినదనుకొందము. బియ్యపు డబ్బా చూచిన వెంటనే, "నేను లేనప్పుడు ఇంటికి చుట్టములు వచ్చిరి" అని చెప్పగలదు. వచ్చినవారిని ఆమె చూడలేదు. ఎన్ని గిన్నెల బియ్యము ఖర్చు కావలెనో ఆమెకు ముందే తెలియును. అంతకంటె ఎక్కువ ఖర్చైనది. ఎక్కువైన దానినిబట్టి ఎందరు వచ్చిరో కూడ ఊహింపగలదు. సూక్ష్మకణముల లోకమున చుట్టములు ఎల్లప్పుడును వచ్చిపోవుచుందురు. డబ్ల్యూ కణము ఒంటరిగా నున్నట్లు కనబడినను, దాని చుట్టు ఇతర కణములు క్షణములో లక్షల కోట్లవ వంతుకంటెను తక్కువ కాలము పుట్టి గిట్టుచుండును. సృష్టిలో ఎన్ని రకముల కణములు కలవో అన్నియు, మనము ఇంకను కనుగొననివి కూడ, దాని బరువును ఆవంత మార్చును. కావున ఆ బరువును మిక్కిలి సూక్ష్మముగా గణించి, అంత సూక్ష్మముగానే తూచి, రెంటిని పోల్చినచో, కంటబడని కణముల జాడ తెలియవచ్చును.

ఇది వట్టి ఊహ కాదు. టాప్ క్వార్కు అను కణము 1995లో అమెరికాలోని ఫెర్మీ పరిశోధనాలయమున దొరికినది. అది దొరకక పూర్వమే, దాని బరువు ఇంచుమించు ఎంత యుండవలెనో ఈ ఇంటి లెక్కల పద్ధతిచేతనే చెప్పియుండిరి. దొరికిన బరువు ఆ హద్దులలోనే యుండెను. 2012లో హిగ్స్ కణము దొరికినప్పుడును ఇట్లే జరిగినది.

ఆ తూకము ఎంత సూక్ష్మమైనదో చెప్పుటకు ఒక్క ముచ్చట చాలును. 1989 నుండి 1995 వరకు జెనీవా కడ భూమిలోపల 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయములో జడ్ కణములను పుట్టించి తూచుచుండిరి. ఆ తూకము దినమున కొకవిధముగా స్వల్పముగా తేడా వచ్చుచుండెను. కారణము చంద్రుడు. సముద్రమును పొంగించు చంద్రుడే నేలను కూడ ఆవంత పొంగించును. ఆ 27 కిలోమీటర్ల వలయము సుమారు ఒక్క మిల్లీమీటరు సాగి ముడుచుకొనుచుండెను. ఆ లెక్క సరిచేసిన పిమ్మట వేరొక అలజడి కనబడినది. అది అర్ధరాత్రి దాటినచో ఆగును, తెల్లవారుజామున మరల మొదలగును. వెదకి వెదకి తుదకు కనుగొన్న కారణము జెనీవా నుండి పారిసునకు పోవు విద్యుత్తు రైలు! పట్టాల నుండి నేలలోనికి జారిన కరెంటు ఈ వలయపు గొట్టము ద్వారమున ప్రవహించుచుండెను. ప్రక్కనున్న సరస్సులోని నీటిమట్టమును కూడ లెక్కలోనికి తీసికొనిరి. ఇంత చేసి జడ్ బరువును 91,187.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులని, 2.1 అటునిటు తప్పవచ్చునని వ్రాసిరి. చంద్రుని ప్రభావమును మేమును ఒప్పుకొందుమని సిద్ధాంతిగారితో చెప్పవలసియుండెను. అయితే మా చంద్రుని ప్రభావము ఒక్క మిల్లీమీటరు.

ఇక సూపర్ సిమెట్రీ మాట. తెనుగున మహాసౌష్ఠవమనవచ్చును. 1970లలో రూపొందిన ఈ సిద్ధాంతము ప్రకారము మనమెరిగిన ప్రతి కణమునకును ఒక జంట కణము కలదు. దీనిని పెక్కుమంది ప్రేమించిరి. మేమును ప్రేమించితిమి. హిగ్స్ కణము బరువు అదుపు తప్పకుండ ఏల నిలిచియున్నదను ప్రశ్నకు ఇందు జవాబు కలదు. 1991లో, ఆ జెనీవా వలయపు కొలతలను పట్టుకొని, ప్రకృతిలోని మూడు శక్తుల బలములు మిక్కిలి పైమెట్టున ఒకచోట కలియునా యని గణించి చూచిరి. మామూలు సిద్ధాంతమున మూడు గీతలు కలియలేదు. జంట కణములను చేర్చి గణింపగా మూడును ఒక్కచోట కలిసినవి. భూమిలోపల వేరువేరు దిక్కుల నుండి త్రవ్వుకొని వచ్చిన గ్యాలరీలు ఒక్కచోట కలిసినప్పుడు కలుగు ఆనందమును మేమెరుగుదుము. ఆ చిత్రమును చూచినప్పుడు మాకు అట్టి యానందమే కలిగినది.

ఈ జంట కణములు ఉన్నచో డబ్ల్యూ బరువు ఎంత మారవలెనో గణించుటకు హైనెమేయర్, హోలిక్, వైగ్లైన్ మొదలగు పండితులు ఏండ్ల తరబడి శ్రమించిరి. 2006లో వారు ప్రకటించిన గణనలు ఓపికకు పరాకాష్ఠ. మొదటి వరుస చుట్టములను లెక్కించి ఆగక, చుట్టముల చుట్టములను కూడ లెక్కించిరి. లెక్కింపక విడిచిన వారివలన ఎంత తప్పు రావచ్చునో దానినిగూడ అంచనా కట్టి ప్రక్కన వ్రాసిరి. వారి ఫలితము ఒక్క సంఖ్య కాదు. జంట కణములు తేలికవైనచో డబ్ల్యూ బరువు సాధారణముగా కొంత పైకి పోవును. అవి బరువెక్కినకొలది ఆ తేడా తరిగిపోయి మామూలు సిద్ధాంతపు సంఖ్యతో కలిసిపోవును.

2022 ఏప్రిల్‌లో జరిగినది ఇది. చదువరులకు సులభముగా నుండుటకు ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టును ఒక గ్రాముగా భావింతము. అప్పుడు డబ్ల్యూ కణము ఎనుబది కిలోల ధాన్యపు బస్తా యగును. మామూలు సిద్ధాంతము, జడ్ బరువును, టాప్, హిగ్సుల బరువులను, ముయాన్ అను కణపు ఆయుర్దాయమును (సిద్ధాంతులు గణించు ఆయుర్దాయము కాదు, ఇది పదిలక్షలకు ఒక వంతు తప్పుతో కొలిచినది) ఆధారముగా గొని, బస్తా 80 కిలోల 357 గ్రాములు తూగవలెను, తప్పినచో 6 గ్రాములు, అని చెప్పుచున్నది. ఫెర్మీ పరిశోధనాలయములో 2011లో ఆగిపోయిన యంత్రము మిగిల్చిన 42 లక్షల డబ్ల్యూలను సి.డి.ఎఫ్. బృందమువారు పదేండ్లు పరిశీలించి, బస్తా 80 కిలోల 433.5 గ్రాములు తూగినది, తప్పినచో 9.4 గ్రాములు, అని ప్రకటించిరి. తేడా 76 గ్రాములు. తప్పు హద్దులకు ఇది ఏడు రెట్లు.

ఆ వారమే మేము మా యూరి గ్రంథాలయములో ఉపన్యాసమిచ్చితిమి. చుట్టములు వచ్చిరంటిమి. ఆ చుట్టముల పేరు సూపర్ సిమెట్రీ యంటిమి. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

2024లో జెనీవా కడనే సి.ఎం.ఎస్. బృందమువారు పదికోట్లకు పైగా డబ్ల్యూలను తూచి, 80 కిలోల 360.2 గ్రాములు, తప్పినచో 9.9, అనిరి. అంతకుముందే అట్లాస్ బృందమువారు తమ తూకమును తిరుగ లెక్కించి 366.5 అని, తప్పినచో 15.9 అని, చెప్పియుండిరి. చుట్టములు వచ్చిన జాడ లేదు. జంట కణములను సూటిగా వెదకిన చోటులందును అవి కానరాలేదు. సరళమైన నమూనాలలో గ్లూయినో అను జంట కణము ఉన్నచో ప్రోటానుకు రెండువేల రెట్లకు మించి బరువుండవలెనని తేలినది. సి.డి.ఎఫ్. తూకము ఏల వేరుగా వచ్చినదో ఇంకను తేలలేదు.

ఇట్టి యాశాభంగము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. తెలుగు మాట వినబడు కోలారు సీమలోని బంగారు గనులలో, 7,600 అడుగుల లోతున, 1965లో మన టాటా సంస్థవారు జపాను, ఇంగ్లండు మిత్రులతో కలిసి, వాతావరణమునందు పుట్టు న్యూట్రినోలను పట్టిరి. దుర్బలబలము మాత్రమే స్పృశింపగల ఆ కణములను ప్రపంచమున మొదట కనుగొన్నవారిలో వారొకరు. 1980లలో ఆ గనిలోనే, ప్రోటాను చావునని చెప్పిన మహైక్య సిద్ధాంతమును పరీక్షించుచు, ప్రోటాను మరణములు కావచ్చునని తోచిన కొన్ని గుర్తులను ప్రకటించిరి. అమెరికాలోను జపానులోను అంతకంటె పెద్ద నీటి తొట్లలో వెదకినవారికి అవి కనబడలేదు. ఆ ప్రకటన నిలువలేదు. న్యూట్రినోల ఘనత మాత్రము నిలిచినది. గనులు 2001లో మూతబడినవి. కోలారువారు తమ గుర్తులను ఎన్ని చూచితిమో, ఎంత ఇనుమును ఎంతకాలము కనిపెట్టితిమో వ్రాసియుంచిరి. కనుకనే ఇతరులు వానిని పరీక్షింపగలిగిరి.

ఇక మా సంగతి. మేము గనులలో సర్వే పని చేసినవారము. రెండు దిక్కుల నుండి త్రవ్వుకొని వచ్చు గ్యాలరీలు ఎచ్చట కలియునో ముందుగా చెప్పుట మా పని. ఇన్ని అంగుళములకు మించి తప్పు రాదని వ్రాసి క్రింద సంతకము చేయవలెను. ఒకమారు మేము ఆరు అంగుళములని వ్రాసితిమి; గోడ తెగిన పిమ్మట చూడగా తేడా రెండడుగులున్నది. ఆ రాత్రి ఇంటికి పోలేదు. మూడు దినములు కాగితములు తిరుగవేయగా, ఒక కోణమును మేమే తప్పుగా చదివితిమని తెలిసినది. ఆ కాగితముపైనే, మా సంతకము ప్రక్కనే, ఎర్రసిరాతో తప్పు వ్రాసి మరల సంతకము చేసితిమి. ఆనాడు కలిగిన సిగ్గు ఇంకను మరువలేదు.

గ్రంథాలయములో మేము హద్దు చెప్పలేదు. అంతేకాదు. ఆ 76 గ్రాములను పూర్తిగా భరించుట సూపర్ సిమెట్రీకిని కష్టమేయని, జంట కణములు ప్రమాదకరమైనంత తేలికగా నుండవలసివచ్చునని, పండితులు అప్పుడే వ్రాసిరి. ఆ మాటను మేము చదివితిమి. చదివియు చెప్పలేదు. చప్పట్లు తగ్గునేమో యని భయపడితిమి కాబోలు. హైనెమేయరు ప్రభృతుల గణన తప్పలేదు. "జంట కణములు ఈ బరువున నున్నచో బస్తా ఇంత తూగును" అను వారి వాక్యము నేటికిని నిలిచియున్నది. తప్పినది మా వాక్యము. ఆ దినమున సిద్ధాంతిగారికిని మాకును భేదము లేదు.

ఈ మాటనే పిల్లతో చెప్పితిమి. ఆమె అంతటితో విడువలేదు. "మరి మీ పండితులు మాత్రమేమి చేయుచున్నారు, పెదనాన్నగారూ? వెదకినచోట కణము లేకున్న, ఇంకను బరువైనది కాబోలునందురు. అక్కడను లేకున్న ఇంకను పైకి జరుపుదురు. సిద్ధాంతిగారు శాంతి చెప్పుదురు. మీవారు బరువు పెంచుదురు. ఇది శాంతి కాదా?"

ఈ ప్రశ్న మమ్ము నిజముగా బాధించినది. ఇందు న్యాయము కలదు. మేము చెప్పగలిగిన జవాబు పూర్తి జవాబు కాదు. బరువు పెంచుట ఉచితముగా దొరకు శాంతి కాదు. జంట కణములు బరువెక్కినకొలది అవి డబ్ల్యూ తూకమును కదలించుట మానును; హిగ్స్ బరువును అదుపులో నుంచుటకు ఏ సిద్ధాంతమును పుట్టించితిమో, ఆ పని చేయు శక్తియు దానికి తరిగిపోవును. ప్రతి మెట్టు జరుపుటకును ఒక మూల్యము చెల్లించుచున్నది, ఆ మూల్యమెంతయో దాని గణితమే చెప్పుచున్నది. తుదకు ఆ సిద్ధాంతము తప్పని తేలక, ఎవరికిని పనికిరానిదై మూల కూర్చుండవచ్చును. దానిని ప్రేమించినవారికి ఇది తప్పని తేలుటకంటెను కష్టము. అందరును ఈ నిజాయితీతో ప్రవర్తించుచున్నారని మేము చెప్పము. పాత ప్రేమను విడువలేనివారు పరిశోధనాలయములలోను కలరు, మా యింటిలోను కలరు.

తరువాతి ఆదివారము మేము గ్రంథాలయమునకు పోయి, నాడు చప్పట్లు కొట్టిన పిల్లలలో వచ్చిన పదునొకండుగురి యెదుట, మేము చెప్పినది తప్పనియు, ఏల తప్పినదియు చెప్పితిమి. పిల్ల ఒక నోటుపుస్తకము తెచ్చినది. అందు మొదటి పుటలో 2022 నాటి మా మాటను మా చేతనే వ్రాయించి, క్రింద 360.2, తప్పినచో 9.9, అని ఎర్రసిరాతో వ్రాయించినది.

ముహూర్తము మాట మాటాడుటకు సిద్ధాంతిగారు మరల వచ్చినప్పుడు, ఆమె ఆ పుస్తకమును, కలమును తీసికొని ఆయన యెదుట కూర్చుండినది. ఆయన పెద్దవారు, మంచివారు. మా తండ్రిగారి అపరకర్మలు జరిపించినవారు. ఆమె వినయముగనే యడిగినది: "సిద్ధాంతిగారూ, 2025 సెప్టెంబరు 7వ తేదీ చంద్రగ్రహణము రాత్రి 9 గంటల 57 నిమిషములకు పట్టునని ముందే లెక్క తెలిసినది. నేను డాబా యెక్కి గడియారము పెట్టుకొని చూచితిని. సరిపోయినది. మా మామగారి అరిష్టమునకును అట్లే ఒక తేదీ వ్రాసి యిండు. ఎన్ని దినములు అటునిటు తప్పవచ్చునో అదియు వ్రాయుడు."

సిద్ధాంతిగారు మా పుటను సాంతముగా చదివిరి. ఎర్రసిరా వ్రాతను రెండుమార్లు చదివిరి. "గ్రహణము లెక్క, అమ్మా. ఇది ఫలము," అనిరి. కొంతసేపటికి కలము మూత పెట్టి ఆమె చేతికిచ్చి, శాంతి మాట యెత్తక, కాఫీ త్రాగి పోయిరి.

రెండవ పుట ఇంకను తెల్లగనే యున్నది. వరుని తండ్రిగారు మొన్న ఫోను చేసి, తమ అరిష్టమునకు తేదీ యేమైన తేలినదా యని నవ్వుచు అడిగిరి. పిల్ల పరీక్షలు ముగిసిన పిమ్మట మాటాడుకొందమని మా తమ్ముడు చెప్పెను.